కొండదారిలో నారింజ సుంకం

ఒడ్వార్ చేతిలో నారింజపండు ఉందంటే, ఆ దారిన పోయే మనిషి ఆయనకు చిక్కినట్టే. ఈస్టర్ సెలవుల్లో, మంచుకొండ మీద, స్కీలు వేసుకుని వచ్చే ఏ ప్రాణినీ ఆయన ఊరికే పోనివ్వడు. సగం పండు చేతిలో పెడతాడు. ఎండ ఎదుటివాళ్ళ కళ్ళలో పడకుండా అడ్డంగా నిలబడతాడు. ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు: "పొద్దున కాఫీ తాగాక, మధ్యాహ్నం భోజనం దాకా, మీ ఉద్యోగంలో అసలు ఏం చేస్తారండీ?"

ఓస్లోలో ఈ మనిషి వేరు. నగరపాలిక ఆఫీసులో పటాలు గీసే ఒడ్వార్, మెట్ల మీద పక్కింటివాళ్ళ అడుగుల చప్పుడు వినబడితే తలుపు వెనకే ఆగిపోతాడు. చప్పుడు మొత్తం సద్దుమణిగాకే బయటికి వస్తాడు. ఆ మెట్ల మీద అందరూ అంతే. ఒక్కోసారి మూడంతస్తుల్లో ముగ్గురు, మూడు తలుపుల వెనక ఒకరి కోసం ఒకరు ఆగి, ముగ్గురూ ఆఫీసుకు ఆలస్యంగా చేరేవారు.

కొండ మీద మాత్రం ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా పలకరించడం ఆచారం. "హై హై" అంటారు, జారిపోతారు. ఒడ్వార్ ఆ రెండు హైల సందులో కాలు పెట్టి, తలుపు మొత్తం తెరిచేవాడు.

కూతురు టీరిల్‌కు సిగ్గుతో మంచులో కూరుకుపోవాలనిపించేది. ట్రాండ్‌హైమ్‌ ఊళ్ళో కాలేజీలో నదులూ నీళ్ళూ చదువుకుంటున్న ఆ పిల్ల, తండ్రికిది వయసుతో వచ్చిన జబ్బని నమ్మింది. ఒకసారి గడియారం చూసుకుంటూ బాణంలా దూసుకొస్తున్న ఒకతనికి ఒడ్వార్ పండు అడ్డం పెట్టాడు.

"నాన్నా, ఆయన పోటీకి సాధన చేస్తున్నాడు!"

"సాధన చేసేవాడికి ఆకలెయ్యదా?"

ఆ మనిషి ఆసుపత్రిలో మత్తుమందు ఇచ్చే డాక్టరు. "నిద్రపుచ్చుతానండీ," అన్నాడు విసుగ్గా.

"నిద్రపుచ్చాక?"

"లేపుతాను."

"మధ్యలో?"

ఆ డాక్టరు స్కీలు విప్పి, మంచు మీద చతికిలపడ్డాడు. "మధ్యలోనే అంతా ఉంది," అని మొదలుపెడితే, అతని గడియారం ఆ రోజుకి తిరిగి మొహం చూపించలేదు.

పళ్ళన్నీ దారిన పోయేవాళ్ళవి. టీరిల్‌ది తొక్క. కొండ మీద చెత్త వేయకూడదు గనుక ఒలిచిన తొక్కలన్నీ ఆమె జేబులోకే. మే నెలలో మంచు కరిగి వాగులు మాట్లాడే వేళకి కూడా ఆమె కోటు నారింజ వాసన వేసేది.

ఈ ఈస్టర్‌కు మాత్రం ఆమె జేబులో తొక్కల కంటే బరువైనది ఉంది. భయం. చలికాలంలో రెండు చోట్ల వేసవి ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేశారు. బట్టీపట్టిన జవాబు రెండు చోట్లా గొంతులోనే గడ్డకట్టింది. ఇక మూడోది, నదుల్లో నీటిమట్టం కొలిచే పని. ఇదీ పోతే చదువే మానేద్దామని లోలోపల తేల్చుకుంది. ఇంటర్వ్యూ ఈస్టర్ వారంలో బుధవారం, ఫోన్‌లో.

"నేను ఊళ్ళోనే ఉండిపోతా," అంది.

"ఉండి ఏం చేస్తావ్? గదిలో కూచుని గోళ్ళు కొరుక్కుంటావా?" అంది తల్లి గున్వోర్.

"కొండ మీద మన సెలవుల గుడిసె దగ్గర సిగ్నలే ఉండదు కదమ్మా."

"గుట్ట మీద ఉంటుంది," అన్నాడు ఒడ్వార్. "నీకు ఆఫీసు నేను కడతా."

కట్టాడు. బుధవారం పొద్దున్నే పార పట్టుకుని గుట్ట మీద మంచు తవ్వాడు. గాలికి గోడ, కూచోడానికి అరుగు, దాని మీద రెయిన్‌డీర్ తోలు, ఫోన్ నిలబెట్టడానికి మంచుబల్ల.

"స్నానాలగది కూడా తవ్వుతావా?" అంది గున్వోర్.

ఒడ్వార్ తవ్వడం ఆపి ఆలోచించాడు. తర్వాత ఫ్లాస్కు కూతురి పక్కన పెట్టి, నారింజల సంచి భుజాన వేసుకుని కిందికి జారిపోయాడు.

"నాన్నా! ఇవాళైనా ఎవర్నీ..." టీరిల్ మాట పూర్తయ్యేసరికి ఆయన మలుపు తిరిగాడు.

ఫోన్‌లో ఇద్దరు కనిపించారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ, గడ్డం ఉన్న ఒకతను. "మా దగ్గరే ఎందుకు పనిచెయ్యాలనుకుంటున్నావ్?" అని అడిగిందావిడ.

బట్టీపట్టిన జవాబు వేడి కాఫీలో చక్కెరలా మాయమైంది. కొండంత నిశ్శబ్దం. నీలపు గిన్నెలాంటి ఆకాశం. ఆ నిశ్శబ్దంలోంచి టీరిల్ నోటికి వచ్చిన మాట ఆమెది కాదు. "ముందు నేనొకటి అడగొచ్చా? పొద్దున కాఫీ తాగాక, మధ్యాహ్నం భోజనం దాకా, మీరు అసలు ఏం చేస్తారండీ?"

కళ్ళజోడావిడ పక్కకి చూసింది. "నువ్వు చెప్పు."

"నేనా? భోజనం దాకా కాఫీయే తాగుతాను," అన్నాడు గడ్డమున్నతను.

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వుతో గడ్డ కరిగింది. ఆవిడ తొడలదాకా వచ్చే బూట్ల గురించి చెప్పింది, కొలబద్దకి చుట్టుకునే నాచు గురించి చెప్పింది. "చుట్టుకుంటే?" అని టీరిల్ అడిగింది. "కొలత తప్పుతుంది," అందావిడ. "నిరుడు నా కొలతలన్నీ అట్లాగే తప్పాయి. మళ్ళీ నదిలో దిగి మొదట్నించీ కొలిచాను," అని టీరిల్ తన సంగతీ చెప్పేసింది. ఎక్కడా బట్టీ లేదు.

చివర ఆవిడ అంది: "జూన్‌లో వచ్చెయ్. బూట్లు మాత్రం నువ్వే తెచ్చుకో."

ఫోన్ పెట్టేశాక టీరిల్ వెల్లకిలా పడుకుంది. ఇన్ని నెలలుగా పక్కటెముకల కింద ముడుచుకున్న పిట్ట ఎగిరిపోయినట్టు ఊపిరి తేలికైంది. అప్పుడు తట్టింది. స్కీదారి ఈ గుట్ట మీదుగానే పోవాలి. ఏడాది మొత్తంలో జనం ఎక్కువగా తిరిగే రోజులివి. ఇంతసేపూ ఒక్క మనిషి రాలేదు, ఒక్క కుక్క మొరగలేదు.

అంచుకు వెళ్ళి చూసింది. కింద మలుపులో తిరునాళ్ళ! స్కీకర్రలు రెండూ దారికి అడ్డంగా పెట్టి, సుంకం వసూలు చేసేవాడిలా నిలబడ్డాడు ఒడ్వార్. చుట్టూ జనం, కుక్కలు, పిల్లలు. చేతిలో కాగడా ఉన్నట్టు నారింజ పట్టుకుని ఒక ముసలాయన, చర్చి గంటల తయారీ గురించి అందరికీ ఉపన్యాసమిస్తున్నాడు.

గున్వోర్ రొప్పుతూ పైకి వచ్చింది. "ఒక్కణ్ణీ కదలనివ్వలేదే! పళ్ళు అయిపోయాయి, చాక్లెట్లు పంచాడు. చాక్లెట్లు అయిపోయాయి, మన సాసేజీలు పంచాడు. నీ సంగతేంటి?"

"వచ్చిందమ్మా."

గున్వోర్ కూతుర్ని టోపీతో సహా ముద్దుపెట్టుకుంది.

"కానీ అమ్మా, నాన్నకి మనుషులంటే ఇంత పిచ్చేంటి?"

"పిచ్చా? ఆయనకి మనుషులంటే వణుకు! కాలేజీలో చేరిన ఏడాది నువ్వే కదా అన్నావ్... జనం ఉద్యోగాల్లో ఏం చేస్తారో నాకు తెలీదు, అడుగుదామంటే నోరు పెగల్దు, అంతా నాన్న పోలికే అని. ఆ ఈస్టర్‌కే నారింజలు కొన్నాడు. నువ్వు పక్కనుండి వినాలిగా మరి. మొదట ఒక చెట్టుకి పండిచ్చి సాధన చేశాడు."

"చెట్టుకా?"

"చెట్టు తినలేదు. నేను తిన్నా."

టీరిల్ కిందికి జారింది. జనం దారి ఇచ్చారు. ఒడ్వార్ ఏమయిందని అడగలేదు. కూతురి మొహం మీద ఎండ చూసి, చేతితొడుగు లోపల దాచిన ఆఖరి పండు తీశాడు. ఒలిచి, సగం ఆమె చేతిలో పెట్టాడు. సూర్యుడికి అడ్డంగా నిలబడి, గొంతు సవరించుకున్నాడు.

"పొద్దున కాఫీ తాగాక..."

"అది జూన్లో చెప్తా నాన్నా," అంది టీరిల్ నోటినిండా నారింజతో. "ముందు మధ్యాహ్నం భోజనం సంగతి చూడు. మన సాసేజీలన్నీ పంచేశావట!"

జనం గొల్లుమన్నారు. టీరిల్ తొక్కలు తీసి, ఆయన జేబులో పెట్టింది.