సరిహద్దులో విప్పిన బూట్లు

మా ముత్తాతగారు ఉత్తరాంధ్రలో జమీందారు. మా సింహద్వారం ముందు ఎంతటివారైనా చెప్పులు విడిచి లోపలికి రావలసిందే.

నేను కాలిఫోర్నియాలో ఎమ్మెస్ చదువుతున్నాను. మొన్న స్ప్రింగ్ బ్రేక్‌కి శాండియాగో వెళ్లినప్పుడు రూమ్మేట్ శ్రీకాంత్, "పక్కనే మెక్సికో. అమెరికా వీసా ఉంటే చాలంట. నడిచి పోయి టాకోలు తినొద్దాం పా బ్రో" అన్నాడు. అప్పటికప్పుడు వెళ్లాం.

తిరిగి వస్తుంటే సరిహద్దులో అమెరికా ఆఫీసర్ ఐ-ట్వంటీ అడిగాడు. నేను విద్యార్థినని చూపే ఆ కాగితం మేముండే ఫ్రీమాంట్‌లో నా గదిలో ఉంది. శ్రీకాంత్ తనది ఎప్పుడూ బ్యాగ్‌లోనే ఉంచుకుంటాడు. వాణ్ని వదిలేసి, నన్ను లోపలి గదికి తీసుకెళ్లి బెల్టు, బూట్లు విప్పమన్నారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రానివ్వకపోతే?" అని అడిగాను.

"మెక్సికో నుంచే మీ దేశం వెళ్లిపోవాలి" అన్నాడు ఆఫీసర్. అంటే చదువు అక్కడితో సరి.

మా ఇంట్లో ఎవరూ ఎవరినీ బతిమాలింది లేదు. వట్టి కాళ్లతో నిలబడి, "ప్లీజ్ సర్, ఒక్క అవకాశం ఇవ్వండి" అన్నాను. ఆయన కంప్యూటర్‌లో నా వివరాలు వెతికాడు. చివరికి, ఆ కాగితం నెలలోగా పంపమని చెప్పి వదిలాడు.

బయట శ్రీకాంత్, "ఏంది బ్రో, బూట్లు చేతుల పట్టుకున్నవ్?" అన్నాడు.

నన్ను ఇక్కడికి పంపడానికి నాన్నగారు అమ్మినవాటిలో ఆ సింహద్వారం తలుపులు కూడా ఉన్నాయి.