బరువు పెరిగిన రింగు

మా తోడల్లుణ్ణి ఫ్యాక్టరీలో అందరూ మిల్లీగ్రాము అంటారు. ఇంజన్లో పిస్టన్‌కు తొడిగే రింగులు త్వరగా అరిగిపోకుండా గట్టి లోహపు పూత వేస్తారు. ఆ పూత నిలుస్తుందో లేదో తేల్చడం ఆయన పని. రింగును తూచి, యంత్రంలో ఇంజను గోడకు బదులు పెట్టిన ఇనుప పలకకేసి నలభై గంటలు రుద్ది, మళ్లీ తూస్తాడు. తగ్గిన బరువే అరుగుదల. ఆ త్రాసు ఎంత సున్నితమంటే, పక్క గదిలో ఎవరైనా అబద్ధమాడితే అంకెలు ఊగుతాయి. నమ్మకపోతే మీ ఇష్టం.

ఆ వారం కొత్త పూత వచ్చింది. నలభై గంటలు రుద్దాక చూస్తే, రింగు రెండు మిల్లీగ్రాములు పెరిగింది.

తుడిచి తూచాడు. పెరిగింది. స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి తూచాడు. పెరిగింది. ఫ్యాను కట్టేసి, ఊపిరి బిగబట్టి తూచాడు. రింగు మాత్రం అత్తారింట్లో తిష్ఠ వేసిన అల్లుడిలా ఒళ్లు చేసే ఉంది.

మేనేజరు సంబరపడ్డాడు. "అరగలేదుగా. సంతకం పెట్టెయ్యండి, బస్సుల కంపెనీ వాళ్లు కాచుకున్నారు."

"అరక్కపోవడం వేరు, పెరగడం వేరు సార్. ఇదేమన్నా మీ పొట్టా?"

"నాలుగింటికి కాగితం నా బల్ల మీదుండాలి. లేదంటే రేపట్నుంచి స్టోర్లో బోల్టులు లెక్కపెట్టుకుందురుగాని."

ఇల్లు ఫ్యాక్టరీ వెనక వీధే. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని కూడా రింగునే తిట్టాడు. మూడ్రోజులుగా అదే వింటున్న మా మరదలు, చాకు నూరడం ఆపింది.

"ఈ రాయీ అరగదు. చాకే సన్నబడి పుల్లయింది. రింగు సంగతి సరే, అది రుద్దిన పలకనెవరైనా చూశారా?"

ముద్ద నోటి దాకా వెళ్లి ఆగింది. రుద్దడం అయిపోగానే పలకను తుక్కు డ్రమ్ములో పారేయడం అక్కడి అలవాటు.

చెయ్యి కడుక్కుని పరిగెత్తి, డ్రమ్ము బోర్లించాడు. పాత పూతలు రుద్దిన పలకల మీద సన్నటి మెరుపు గీత ఉందంతే. కొత్త పూత రుద్దిన పలకకు గాడి పడింది. గోరు పెట్టి లాగితే ఇరుక్కుంది. రింగుకు పెరిగిన ఒళ్లంతా పలక నుంచి కొరుక్కున్నదే.

నాలుగింటికి కాగితానికి బదులు ఆ పలక మేనేజరు ముందు పెట్టాడు. మేనేజరు గోరూ ఇరుక్కుంది.

"అయినా రింగు బానే ఉందిగా?"

"రింగు బ్రహ్మాండం సార్. ఇంజనే మిగలదు."

మేనేజరు పెన్ను తీసి, పూత వెనక్కి పంపమని రాశాడు. దాని కింద మా తోడల్లుడు సంతకం చేశాడు.

అయినా ఆయన చిరాకు తగ్గలేదు. ఇరవై ఆరేళ్లుగా ఎన్ని పలకలు చూడకుండా పారేశాడో కదా. ఇంటికొస్తూనే మా మరదలి మీద పడ్డాడు. "ఈ మాట మూడ్రోజుల క్రితం అనొచ్చుగా?"

"మీరు తిట్టడం ఆపితేగా. ముందెళ్లి కొత్త చాకు పట్రండి."