మూడు పేర్ల వాన

మా ఇంట్లో ఆ వానకు మూడు పేర్లు. నాకు వడగళ్ళు, మా అత్తగారికి రాళ్ల వాన, మా అయిదేళ్ళ పిల్లకి స్నో. గోదావరి వైపు పుట్టిన నేను జగిత్యాల వైపు అబ్బాయిని చేసుకుని దోహాలో కాపురం పెడితే ఇంతే మరి, మా కొంపలో ఒక్క వస్తువుకీ ఒక్క పేరు కుదరదు.

ఆ చలికాలమంతా పిల్ల నా ప్రాణం తోడేసింది. స్కూల్లో మంచు బొమ్మకు రంగులు వేయించారు. ఇక అప్పట్నుంచీ "అమ్మా, మనింటికి స్నో ఎప్పుడొస్తుంది?" అని ఒకటే పాట. తలుపు చప్పుడైతే చాలు, అదేదో పార్సెల్లో వచ్చినట్టు పరుగెత్తేది. ఈ ఇసుకలో మంచు ఎక్కణ్ణుంచి తెమ్మంటావే అని కసిరేదాన్ని. కసిరినందుకు మళ్ళీ నాకే బాధేసేది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆకాశం ముందు పసుపు రంగుకి తిరిగింది, తర్వాత నల్లబడింది. ఊరి చివర ఐన్ ఖాలిద్‌లో మాది ఒక విల్లాలో కింది వాటా. ముందున్న కార్ల రేకుల షెడ్డు మీద ఒక్కసారిగా టపటపమని మోత మొదలైంది. వంటింట్లోంచి తొంగి చూద్దును కదా, గచ్చంతా ఉప్పు ఆరబోసినట్టు తెల్లగా ఉంది!

"స్నో! స్నో వచ్చేసింది!" అని పిల్ల కేక.

దాన్ని ఆపడం నా తరమా? మా ఆయన దాని నెత్తిన స్టీలు గిన్నె బోర్లించారు. తను మెసయీద్ ప్లాంటులో డ్యూటీకి పెట్టుకునే హెల్మెట్ పెట్టుకున్నారు. ఇద్దరూ బయటికి ఉరికారు. గిన్నె మీద వడగళ్ళు పడి టింగుటింగుమంటుంటే అది పకపకా నవ్వుతోంది. మావారు దోసిళ్ళతో ఎత్తి దాని మీద చల్లుతున్నారు. ఆయన్ని అంత చిన్నపిల్లాడిలా నేనెప్పుడూ చూడలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సరిగ్గా అప్పుడు, వసారాలో నిలబడ్డ నా పక్కనుంచి ఏదో రివ్వుమని వెళ్ళి గచ్చు మీద ఖంగుమని పడింది. నా దోసెల పెనం!

విసిరింది మా అత్తగారు. విజిట్ వీసా మీద వచ్చి మా దగ్గరుంటున్నారు. గుమ్మంలో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆకాశాన్ని బతిమాలుతున్నారు.

"ఆగు తల్లీ, ఆగు... ఇగ సాలు!"

ఏ క్షణంలో అన్నారో గానీ, వడగళ్ళు నిజంగానే పలచబడ్డాయి. కాసేపట్లో ఉత్త వాన మిగిలింది.

పిల్ల బావురుమంది. "నానమ్మ నా స్నోని ఆపేసింది!"

నాకు ఒళ్ళు మండింది. ఆ ఇనుప పెనం దారికి రావడానికి ఎన్ని దోసెలు మాడ్చుకున్నానో నాకే తెలుసు. నోరు తెరవబోతుంటే మావారు తడిసిన హెల్మెట్ తీసి నా పక్కకొచ్చారు.

"ఏమనకు," అన్నారు మెల్లగా. "మా దిక్కు రాళ్ల వాన పడితే ఇంట్ల ఉన్న ఇనుము బయట పారేస్తరు, ఆగుతదని. నేను ఈ పిల్లంత ఉన్నప్పుడు అమ్మ అట్లనే గొడ్డలి పారేసింది. ఆగలే. కోతకొచ్చిన వరి మొత్తం రాలింది, అప్పులు మిగిలినయ్. ఆ ఎండకాలమే మా నాయిన దుబాయ్ పోయిండు. మళ్ల వచ్చినప్పుడు ఎవరో అనుకుని నేను మంచం కిందికి దూరిన."

పెళ్ళై ఇన్నేళ్ళైనా ఆ మంచం సంగతి నాకు తెలియదు.

పిల్ల ఇంకా వెక్కుతూనే ఉంది. గౌను నిండా ఏరుకున్న వడగళ్ళు కరిగి కాళ్ళ మీదుగా కారిపోతున్నాయి. అత్తగారు దాన్ని చూశారు, హెల్మెట్ పట్టుకుని నిలబడ్డ కొడుకుని చూశారు. తర్వాత గేటు దాకా, గేటు అవతలి ఇసుక దాకా చూశారు.

"ఏమిరా, ఈడ ఎవ్వలకు పొలాలు లేవా?"

"ఈ సుట్టుపక్కల లేవమ్మా."

"ఒక్క మడి సుత లేదా?"

"లేదే."

ఆవిడ చెప్పులైనా వేసుకోకుండా వానలోకి దిగారు. వంగి నా పెనం తీశారు. కొంగుతో తుడిచి, చంకలో పెట్టుకుని పిల్ల దగ్గరికి నడిచారు.

"ఏడవకు బిడ్డా. ఇగో, తీస్కున్న. ఇంక నేనేమనను." తలెత్తి ఆకాశంతో అన్నారు, "పడు తల్లీ, నీ ఇష్టమొచ్చినంత పడు. నా కొడుకు ఇంటికాడనే ఉన్నడు."