కారులో కమ్మిన పొగ

ఎనభైల మొదట్లో నేను ఢిల్లీలో నర్సుగా పనిచేసేదాన్ని. మావారు ముచ్చటపడి పాతకాలపు కారొకటి కొన్నారు. దాని సైలెన్సర్ తుప్పుపట్టి ఊడిపోతే, వేరే కారుది తెచ్చి అతికింపజేశారు. మర్నాడు ఆదివారం. చలికి అద్దాలన్నీ ఎత్తేసి, ఘజియాబాద్‌లోని మా ఇంటి నుంచి ఢిల్లీలో చర్చికి బయలుదేరాం.

యమునా వంతెన దాటేసరికి నాకు తల పగిలిపోతోంది. వెనక సీట్లో నాలుగేళ్ల మా పాప ఒరిగిపోయి ఉంది.

“పడుకోనీవోయ్, పొద్దున్నే లేచింది కదా,” అన్నారు మావారు.

తట్టి లేపితే పాప తల వాలిపోయింది. “కారాపండి! పొగ లోపలికొస్తోంది!” అని అరిచాను.

పాపను ఒళ్లో వేసుకుని రోడ్డు పక్కన కూలబడ్డాను. వార్డులో ఎందరికో సేవ చేసిన నేను పాప వీపు రుద్దడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఆసుపత్రికి వెళ్లాలంటే మళ్లీ ఆ కారే ఎక్కాలి. మావారు “భయ్యా, రోకో!” అంటూ లారీలకు అడ్డం పరుగెత్తారు. ఎవరూ ఆగలేదు.

ఎంతసేపటికో పాప వాంతి చేసుకుంది. “మమ్మీ, ఠండ్ లగ్ రహీ హై,” అంటూ చలికి ముడుచుకుని ఏడ్చింది.

“నా వల్లే,” అని మావారు తల బాదుకున్నారు.

నిజానికి బయలుదేరినప్పుడే నాకు పొగ వాసన తగిలింది. ఆయన సరదా చెడగొట్టడమెందుకని ఊరుకున్నాను. ఈ మాట ఆయనకు ఇంతవరకూ చెప్పలేదు. ఇది అచ్చయితే చదువుతారు.