పన్నెండు సంతకాలు

ఆ కాగితం రాస్తున్నప్పుడే అది నాన్నకు అడ్డం తిరుగుతుందని నాకు తెలుసు. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

బందరులో మాది గిల్టు నగల పని. రాగితీగను కడ్డీకి చుట్టి, గొలుసు రింగులు ఒక్కొక్కటే కత్తిరించేవాళ్ళం. అమ్మ వేళ్ళు ఎప్పుడూ కోసుకుపోయి ఉండేవి. రెండేళ్ళు తంటాలు పడి నాన్న ఒక చేతిమిషను చేశాడు. పిడి తిప్పితే ఒకే కొలతలో రింగులు రాలతాయి.

పేటెంటు తీసుకోమని ఎవరో నాన్నకు చెప్పారు. నేను కాలేజీ లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చుకుని చదివి, మిషను వివరమంతా బొమ్మలతో సహా డైరీ వెనక పేజీల్లో రాశాను. దరఖాస్తు పెట్టకముందే నలుగురికీ చూపిస్తే హక్కు రాదని ఆ పుస్తకంలోనే ఉంది.

మా వీధి పద్ధతి వేరు. కొత్త అచ్చు గానీ పనిముట్టు గానీ ఏది చేసినా తోటి పనివాళ్ళ చేతికిచ్చి చూపిస్తేనే అది చేసినవాడి పేరున నిలుస్తుంది. నాన్న పన్నెండు కార్ఖానాల పెద్దలను పిలిచాడు. అందరూ పిడి తిప్పి చూశారు. తమ కళ్ళెదుటే నడిపి చూపించాడని నాచేత రాయించి, వాళ్ళ సంతకాలు తీసుకున్నాడు. గది నిండా మగవాళ్ళు. ఆడపిల్లను, పుస్తకంలోని మాట వాళ్ళముందు చెప్పలేకపోయాను. వాళ్ళు నాన్నను మెచ్చుకుంటుంటే ఆపబుద్ధి కాలేదన్నది అంతకన్నా నిజం.

దరఖాస్తు పెట్టించడానికి నాన్నా నేనూ గుడివాడ వెళ్ళాం. అక్కడి వకీలు గారు డైరీలో నా రాత చదివి బాగుందన్నారు. ముందెవరికైనా చూపించారా అని అడిగారు. నాన్న దర్జాగా ఆ కాగితం బల్లమీద పరిచాడు.

"ఇంతమంది సాక్షులున్న కేసు నేనెప్పుడూ చూళ్ళేదండీ," అన్నారాయన. "అందరూ మీకు ఎదురు సాక్షులే."

కొత్త సంగతి దేశానికి విప్పి చెప్పినందుకు బదులుగా కొన్నేళ్ళు హక్కు ఇస్తారనీ, నాన్న ముందే ఉచితంగా చెప్పేశాడనీ వివరించారు. నాన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిరుగు బస్సెక్కాడు.

ఏడాది తిరక్కుండా వీధంతా అదే మిషను. ఒకాయన దానికి పళ్ళచక్రం చేర్చి రెండు తీగలు ఒకేసారి తెగేలా చేశాడు. నాన్న వెళ్ళి చూసొచ్చి మాదీ అలాగే మార్చాడు. నాన్నకు హక్కు ఉండుంటే ఆయన ఆ మార్పు చేయడానికి జంకేవాడేమో. నాన్న నష్టపోయిన మాటా నిజమే. అమ్మ వేళ్ళు మాత్రం మానాయి, ఆ వీధిలో ఇంకెందరివో.

తర్వాత అవనిగడ్డ వైపు నుంచి ఆరుగురు ఆడవాళ్ళు పని నేర్చుకోవడానికి వచ్చారు. నాన్న మిషను విప్పి పరిచి, నా డైరీ తెమ్మన్నాడు. సంతకాలు పెట్టిన పెద్దలు కూడా కొందరు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను తల వంచుకుని గొణుగుతున్నట్టు చదవడం మొదలుపెట్టాను.

"పైకి చదువమ్మా," అన్నాడు నాన్న. "మా అమ్మాయి రాసిందండీ ఇది. వెనకాలున్నవాళ్ళక్కూడా వినపడాలి."