రాలిన కాయ ఎవరిది

మా మనవరాలు విజయవాడలో గ్రూప్స్ పరీక్షలకి కోచింగ్ తీసుకుంటోంది. పోయిన నెల చిన్న రసాలు తిందామని నాలుగు రోజులు మా ఇంటికొచ్చి, తినే సంగతి మానేసి, దిండంత పుస్తకం ఒకటి ముందేసుకుని వరండాలో కూర్చుంది. ఉగ్రవాదం అంటే ఏమిటో ప్రపంచ దేశాలన్నీ ఏళ్ళ తరబడి కూర్చుని మాట్లాడుకున్నా అందరూ ఒప్పుకునే నిర్వచనం ఇంతవరకూ కుదరలేదట, సోషల్ టీచరుగా రిటైరయినదాన్ని కదా, నేనైతే ఏం చెబుతానని అడిగింది. ఆ అడగడం కూడా, పక్కనే కూర్చుని మాగాయకి చెక్కు తీస్తున్న మా పిన్ని వింటూ ఉండగా అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను గబుక్కున లేచి పొయ్యి మీద పాలున్నాయని లోపలికి వెళ్ళిపోయాను. పొయ్యి మీద పాలూ లేవు, ఏమీ లేవు.

పిన్ని ముందు ఆ మాట ఎత్తకూడదని మా ఇంట్లో ఎవరూ చెప్పుకోకుండానే పెట్టుకున్న కట్టుబాటు. పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు, నాకంటే ఎక్కువేం పెద్దది కాదు. ఆవిడ భర్త, మా బాబాయిగారు, రెడ్డిగూడెం వైపు స్కూల్లో లెక్కల మాస్టారు, ఎదురుగా ఉన్నది ఆరో తరగతి పిల్లాడైనా సరే 'మీరు', 'అండీ' అని తప్ప పిలవని మనిషి. ఆయన ఎక్కిన జీపు కల్వర్టు మీద పేలిపోయి ఆయనా డ్రైవరూ కూడా పోయారు. మర్నాడు పేపర్లో ఉగ్రవాదమన్న ఆ మాటే పెద్దక్షరాలతో వచ్చింది.

అయితే ఆ కథ కల్వర్టు దగ్గర మొదలవలేదని నాకు తెలుసు. అది మా తోటలో మొదలైంది.

మా నాన్నగారిది ఆగిరిపల్లి దగ్గర చిన్న పల్లెటూరు. ఆయన హెడ్మాస్టరు, తాతల నాటి మామిడితోట ఉండేది. ఎండాకాలంలో గాలివాన కొట్టిందంటే మర్నాడు తెల్లారేసరికి తోట నిండా కూలీల ఇళ్ళ ఆడవాళ్ళు గంపలు పట్టుకుని దిగేవాళ్ళు. చెట్టు మీద కోసిన కాయ తోటవాళ్ళది, గాలికి రాలిన కాయ ఏరుకున్నవాళ్ళది, ఇదీ మా తాతగారి నాటి వాడుక. ఆ కాయలు తరిగి, ఉప్పు రాసి, ఒరుగులు ఎండబెట్టుకుంటే, పనులు దొరకని ముసురు రోజుల్లో వాళ్ళకి పప్పులోకి అవే, పులుసులోకి అవే. చిన్నప్పుడు మేం కూడా పరికిణీలు ఎత్తి దోపుకుని వాళ్ళతోపాటు ఏరి వాళ్ళ గంపల్లోనే పోసేవాళ్ళం, అది దానమని మాకూ అనిపించేది కాదు, వాళ్ళకీ అనిపించేది కాదు. వానకి తడిసిన ఆకుల వాసన, పగిలిన పచ్చికాయ పులుపు వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ఆ ఆడవాళ్ళ నవ్వులే ముందు గుర్తొస్తాయి.

తోటకి కావలి ఉండి, కోతలు కోసే ఆయన్ని మేం పిల్లలం చిక్కం మావయ్య అనేవాళ్ళం. చివర వల కట్టిన పొడుగాటి గడ, అదే చిక్కం, ఆయన భుజం మీద లేకుండా ఎప్పుడూ చూడలేదు. నాన్నగారు ఆయన్ని 'ఏరా' అనేవారు, ఆయన నన్ను 'అమ్మాయిగారూ' అనేవాడు, పక్షి కొట్టిన పండు తియ్యగా ఉంటుందని ఏరి మరీ తెచ్చి పెట్టేవాడు.

మా వైపు తోటని పూత మీదే అమ్మేయడం అలవాటు. పూత చూసి బేరమాడుకుంటారు, ఆ పైన కాపు నిలిచినా పోయినా కొన్నవాడి అదృష్టం. నేను టీచరు ట్రైనింగు చదువుతున్న రోజుల్లో ఒక కొత్త షావుకారు వచ్చాడు. పచ్చళ్ళ వ్యాపారులతో సంబంధాలున్నవాడు కాబట్టి రాలిన కాయ కూడా తనదేనని, అందుకు ఇంకాస్త ఎక్కువిస్తానని అన్నాడు. నాన్నగారు కాసేపు ఆలోచించి కానివ్వండి అన్నారు. తోట ఆయనది, ఇష్టం ఆయనది, కాదనడానికి ఎవరున్నారు? కానీ ఆ మాట కూలీల ఇళ్ళకి చెప్పాలని ఒక్కళ్ళకి తోస్తే ఒట్టు. షావుకారు చెబుతాడని నాన్నగారు, నాన్నగారు చెబుతారని షావుకారు, ఇద్దరూ ఊరుకున్నారు.

గాలివాన రానే వచ్చింది. ఆడవాళ్ళు ఎప్పటిలాగే వచ్చారు. షావుకారు మనుషులు గంపలు బోర్లించి, జాకెట్లు పట్టుకు లాగి, దొంగముండలన్నారు. అడ్డం వెళ్ళిన చిక్కం మావయ్యని, కావలివాడివై ఉండి దొంగతనం చేయిస్తావా అని, ఆయన చిక్కం తాడుతోనే మా వరండాకి ఎదురుగా ఉన్న చెట్టుకి కట్టేశారు. ఆయన భార్య ఏడుస్తూ మా వాకిట్లో నిలబడింది. అమ్మ వెళ్ళి నాన్నగారికి చెబితే, ఆయన పేపరు దించకుండా, ఈ ఏడు తోట మనది కాదు, మనం కల్పించుకోకూడదు అన్నారు.

అమ్మ నా చేతికి మజ్జిగ గ్లాసిచ్చి పంపింది. నేను ఆ గ్లాసు చిక్కం మావయ్య నోటి దగ్గర పెడితే మొహం పక్కకి తిప్పుకుని ఒకే ఒక్క మాట అన్నాడు.

"తీసుకెళ్ళిపోండి అమ్మాయిగారూ, అయ్యగారు చూస్తారు."

నేను వెనక్కి చూశాను. వరండాలోంచి నాన్నగారు నిజంగానే చూస్తున్నారు. చిక్కం మావయ్య ఆ మాట నన్ను కాపాడటానికి అన్నాడో, ఎత్తిపొడవడానికి అన్నాడో ఈ వయసొచ్చినా తేల్చుకోలేకపోయాను. తాడు ముడి నా చేతికి అందేంత దగ్గర్లోనే ఉంది. చదువుకున్నదాన్ని, హక్కుల పాఠం పరీక్షలో గుక్క తిప్పుకోకుండా రాసినదాన్ని, గ్లాసు పట్టుకుని వెనక్కొచ్చేశాను.

ఆ మీదట ఆయన ఊళ్ళో కనిపించలేదు. చింతలపూడి దాటి అడవుల్లోకి పోయి అన్నల్లో కలిశాడన్నారు. భార్య ఎక్కడికో పనికి వలసపోయింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు తోటల్లో తాళ్ళతో కట్టించుకున్న వాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ళంతా అడవికి పోలేదు, మర్నాడు నోరు మూసుకుని మళ్ళీ కూలికే వచ్చారు. కాబట్టి తాడే అన్నిటికీ కారణమని నేననను. తాడు లేదని మాత్రం అనలేను.

రెండేళ్ళు తిరిగాక, పిన్ని పెట్టిన ఆవకాయ జాడీ ఇచ్చిపోదామని బాబాయిగారు మా ఇంటికొచ్చారు. తిరిగి వెళ్ళే బస్సు రాలేదు. మర్నాడు పొద్దున్నే పిల్లలకి పరీక్ష ఉందని ఆయన గాభరా పడుతుంటే, నాన్నగారే షావుకారుకి కబురు పెట్టి జీపు తెప్పించారు. బాబాయిగారు మొహమాటపడి వద్దండీ వద్దండీ అంటూనే ఉన్నారు. ఆయన చేతిసంచీ నేనే తీసుకెళ్ళి సీట్లో పెట్టాను. షావుకారు కోసం కాచుకున్నవాళ్ళకి జీపే తెలుసు, అందులో ఎవరున్నారో చూడాలన్న పట్టింపు లేదు. పోలీసులు చెప్పిన పేర్లలో చిక్కం మావయ్య పేరు ఉంది. కొన్నాళ్ళకి ఆయన కూడా కాల్పుల్లో పోయాడని పేపర్లో చదివాను. పండు తెచ్చిపెట్టిన ఆ చేతులే ఆ జీపుని పేల్చాయి. అయినా ఆయన పోయాడని చదివిన రోజు ఏడ్చాను, పిన్ని పక్క గదిలో ఉండగా ఏడ్చాను, అందుకు ఇవాళ్టికీ సిగ్గుపడతాను.

ఊరి నోరు ఊరుకోదు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. ఆ షావుకారు జీపులో ఈయనకేం పని, ఏం స్నేహం, పోలీసులకి కబుర్లు మోసుంటాడు, లేకపోతే ఊరికే చంపుతారా అన్నారు. బస్సుకని బయల్దేరాడు, తర్వాత సంగతి తెలియదన్నారు తప్ప, జీపు పిలిపించింది నేనేనని నాన్నగారు పోయేదాకా అనలేదు. నేను చెబుదామని నోరు తెరిస్తే అమ్మ, కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుందే, ఊరుకో అంది. ఊరుకున్నాను. పిన్ని ఎప్పుడైనా ఎందుకు జరిగిందే అని అడిగితే, అలాంటివాళ్ళకి కారణాలేముంటాయి పిన్నీ అనేదాన్ని. ఏటేటా క్లాసులో బోర్డు మీద ఉగ్రవాదానికి నిర్వచనం రాయించేదాన్ని. తాడు సంగతి చెబితే బాబాయిగారి చావుకి సాకు వెతికినట్టవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి నా భయం సాకు గురించి కాదు, నాన్నగారి పరువు గురించి. మా ఆయన పోయాక పిన్నిని తెచ్చి నా దగ్గరే పెట్టుకుంటే అందరూ నా మంచితనం అన్నారు. నాకు తెలుసు అదేమిటో.

అదిగో, ఇంత మోసుకుంటూ వంటింట్లో ఖాళీ పొయ్యి ముందు నిలబడ్డాను. వరండాలో మనవరాలు ఒక్కో దేశం నిర్వచనం పైకి చదువుతోంది. అమాయకులు అన్న మాట వచ్చినప్పుడు పిన్ని చెక్కు తీసే చప్పుడు ఆగిపోవడం తెలిసింది నాకు.

"ఆయన ఆ జీపు ఎందుకెక్కాడో ఆ పుస్తకంలో ఏమన్నా రాశారేమో చూడవే," అంది.

మనవరాలికి అర్థం కాలేదు. నాకయింది. బయటికొచ్చి పిన్ని ముందు కింద కూర్చుని, గాలివాన దగ్గర మొదలుపెట్టి, బోర్లించిన గంపలు, తాడు, మజ్జిగ, రాని బస్సు, నాన్నగారి కబురు, చేతిసంచీ, అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. పెట్టే బేడా సర్దుకుని వెళ్ళిపోతుందనుకున్నాను. ఆవిడ చేతిలోని కాయ, కత్తి పక్కన పెట్టేసింది.

"అయితే ఆయన ఏం చెయ్యలేదన్నమాట," అంది. "నేను ఆయన్ని అనుమానించానే. ఇన్నేళ్ళూ, ఏదో చేసే ఉంటాడని, నాక్కూడా చెప్పకుండా ఏదో చేసే ఉంటాడని."

ఆ తర్వాత ఏడ్చింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది. మనవరాలు పుస్తకం మూసేసింది, నా వంక చూడలేదు.

ఆ వారమే గాలివాన కొట్టింది. తోట ఎప్పుడో చేతులు మారి ప్లాట్లయిపోయింది, ఇప్పుడు మేముంటున్న నాన్నగారి ఇంటి పెరట్లో మాత్రం ఆ జాతి చెట్లు కొన్ని మిగిలాయి. తెల్లవారి చూస్తే నేల కనబడకుండా కాయ. పిన్ని కర్ర పట్టుకుని తనే వెళ్ళి వీధి గేటు బార్లా తీసి, రాలిన కాయ ఎవరైనా ఏరుకోవచ్చని అటుగా వెళ్ళేవాళ్ళతో చెప్పింది. కోతలకి పోతున్న కూలీలు ఆటోల్లో వెళ్తూ వింతగా చూశారు. ఒకమ్మాయి మాత్రం బండి ఆపి, సెల్లు చెవి దగ్గరనుంచి తీసి, కిలో ఎంతండీ అని అడిగింది. ఊరికేనే అంటే నమ్మక వెళ్ళిపోయింది. ఆ కాయ ఒకప్పుడు వాళ్ళ అమ్మమ్మలదేనని ఆ పిల్లకి చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, చెప్పాల్సినవాళ్ళం మేం చెప్పలేదు. ఎండెక్కేదాకా గేటు తీసే ఉంచాం. ఎవరూ రాలేదు.