ఆఫ్ ఏ పూట మొదలవుతుంది?

మా ఉక్కునగరం క్వార్టర్స్‌లో గేటుకి తువ్వాలు కట్టి ఉందంటే లోపల నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషి పడుకున్నాడని అర్థం. అది చూస్తే చేపలమ్మే ఆవిడ కూడా కేక వేయదు. రెండు గేట్లు దాటాకే గొంతు విప్పుతుంది. పక్కింటావిడ మిక్సీ వేయడం మానేసి రోట్లో పచ్చడి నూరుకుంటుంది. బ్లాకంతా ఇంత పద్ధతిగా ఉంటే, ఆ పద్ధతి తెలియనిది మా ఇంట్లో నా ల్యాప్‌టాప్ ఒక్కటే.

మా ఆయన ప్లాంటులో క్రేన్ నడుపుతాడు. మేనమామ కొడుకు కాబట్టి పెళ్ళయ్యాక కూడా నాకు బావే. కరిగిన ఉక్కు నిండిన పెద్ద పాత్రని ఎత్తి, ఇవతలి నుంచి అవతలికి చేర్చడం అతని పని. కింద మనుషులు తిరుగుతూనే ఉంటారు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి టీ తాగుతూ, పక్కవీధి కబురు చెప్పినట్టు చెప్పాడు.

“కేబిన్లో కూకున్నాక ఒకపాలి కళ్ళు మూతడిపోనాయే. ఎంటనే తెలివొచ్చేసిందిలే.”

నైట్ డ్యూటీ వారాల్లో పగటి నిద్ర చెడగొట్టేది నా ల్యాప్‌టాప్ టింగుటింగుమనడమే కాబట్టి, ఇంకేమీ అడక్కుండా నేరం దాని నెత్తిన వేసేశాను.

నేను ఇంటి నుంచే ఒక చిన్న ఆఫీసుకి పని చేస్తాను. కబురొస్తే అది మోగాలి, మోగితే నేను వంటింట్లోంచి పరిగెత్తాలి. బావ పడుకున్నప్పుడు శబ్దం ఆపేస్తే మళ్ళీ పెట్టడం మర్చిపోయేదాన్ని. అప్పుడు ఆఫీసులో అక్షింతలు. అందుకని సెట్టింగుల్లో వెతికితే “నిశ్శబ్ద వేళలు” అని ఒకటి దొరికింది. ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ఆఖరు, అంతే అడుగుతుంది. రోజూ అదే వేళ. అది తయారుచేసినవాళ్ళ దృష్టిలో లోకంలో అందరూ రాత్రే పడుకుంటారు కాబోలు.

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఊరికే దొరికే సిస్టమ్. డబ్బు పోసి కొనేదాన్ని మోయలేక ఆ ముసలి యంత్రం చతికిలబడితే దీన్ని ఎక్కించాను. దేశదేశాల వాళ్ళు ఖాళీ వేళల్లో కలిసి రాస్తారు. ఎవరైనా లోపలికి తొంగి చూడొచ్చు, మార్చి పంపొచ్చు, నచ్చితే అందరి సిస్టమ్‌లోనూ కలుపుకుంటారు. ఏ వస్తువైనా విప్పి చూడందే నాకు నిద్ర పట్టదు. చిన్నప్పుడు రేడియో విప్పి తన్నులు తిన్నాను కూడా. ఇక్కడేమో విప్పి చూడమని వాళ్ళే పిలుస్తున్నారు.

విప్పాను. నిశ్శబ్ద వేళ వారం వారం మారేలా, పొద్దుటి ఏ షిఫ్టు, మధ్యాహ్నం బి షిఫ్టు, రాత్రి సి షిఫ్టు, సెలవు రోజుకి ఆఫ్ అని పెట్టుకునే వీలు కల్పించి, ఇదంతా ఎందుకో తెలియాలని మా గేటు తువ్వాలు సంగతి కూడా రాసి పంపించాను. ఎవరు చూస్తారో, ఏమంటారో అని చెప్పలేనంత ఆత్రం. కూర మాడింది కూడా.

చూసింది ఎక్కడో మంచు కురిసే దేశంలో ఉండే ఒకావిడ. వరుస వరుసకీ ప్రశ్న వేసింది. కోడ్ సంగతి అలా ఉంచి, తువ్వాలు చూసి వీధిలో అమ్మేవాళ్ళు నిజంగానే గొంతు తగ్గిస్తారా అని అడిగింది. తగ్గిస్తారని రాశాను. మీ దగ్గర చలికాలంలో సూర్యుడు సరిగ్గా రాడటగా, మరి తెల్లారినట్టు ఎలా తెలుస్తుందని నేనడిగాను. గడియారం మీద నమ్మకమేనంది. అలా కబుర్లాడుతూనే ఒకరోజు అసలు ప్రశ్న వేసింది.

“రాత్రి డ్యూటీ అయ్యేది సెలవు రోజు పొద్దున్న కదా. ఆ పొద్దున్నకి నిశ్శబ్ద వేళ పెట్టకుండా, ఆయన మేలుకుని ఉన్నట్టు రాశారు. మరి ఎప్పుడు పడుకుంటారు?”

తప్పు రాశానని మొదట ఒప్పుకోబుద్ధి కాలేదు. ఆఫ్ అంటే ఆఫే. ఆ రోజు గేటుకి తువ్వాలు కట్టం. మా బ్లాకులో ఎవరూ కట్టరు. బావ డ్యూటీ దిగి, స్నానం చేసి, సంచులు పట్టుకుని తనే ముందు తయారవుతాడు. బస్సెక్కి పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి నెల సరుకులు తెచ్చుకుంటాం. బస్సులో అతను కునికితే నేను నవ్వేదాన్ని. సాయంత్రం చుట్టాలు. మర్నాడు చీకటితోనే ఏ షిఫ్టు.

ఏ షిఫ్టు అనుకోగానే రాస్తున్న జవాబు మధ్యలో వదిలేసి లేచాను. బావ దగ్గరికెళ్ళి అడిగాను.

“ఆ కళ్ళు మూతపడ్డ రోజు ఏ రోజు బావా?”

అతను కాసేపు గుర్తుచేసుకున్నాడు.

“ఆఫ్ మర్నాడే. ఏటి, ఇప్పుడెందుకు?”

ఆ మంచు దేశం ఆవిడ ప్రశ్న చెప్పాను. బావ వేళ్ళ మీద పూటలు లెక్కేసుకున్నాడు. ఇంకోసారి వేసుకున్నాడు.

“మరైతే నాకు ఆఫ్ ఎప్పుడిచ్చినట్టే?” అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు గానీ నాకు ఏడుపొచ్చింది. పాపం, ల్యాప్‌టాప్‌ని అనవసరంగా ఆడిపోసుకున్నాను. ఇన్ని వందల ఇళ్ళల్లో ఇంతమందిమి ఉన్నాం, ఆఫ్ రోజు మనిషి ఎప్పుడు పడుకుంటాడని ఒక్కరమూ అడగలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి అడిగింది.

కోడ్ దిద్దాను. నైట్ తర్వాత వచ్చే ఆఫ్ అయితే మధ్యాహ్నం దాకా చప్పుడు ఉండదు. ఆవిడ మళ్ళీ ఓపిగ్గా చదివి, సరేనంది. కొన్నాళ్ళకి కొత్త సిస్టమ్‌తో పాటు అది నా ల్యాప్‌టాప్‌లోకే తిరిగొచ్చింది. అలాంటి డ్యూటీల వాళ్ళు ఇంకెక్కడెక్కడ ఉన్నారో, ఎవరి ఇళ్ళల్లో అది నోరు మూసుకుని కూర్చుందో తెలుసుకోవాలని ఉంటుంది. తెలిసే దారి లేదు.

ఆ తర్వాత వచ్చిన ఆఫ్ రోజు బావ స్నానం చేసి, ఐదు నిమిషాలు నడుం వాలుస్తానని పడుకున్నాడు. నేను లేపలేదు. మార్కెట్ ఎక్కడికీ పోదు. భోజనాల వేళ దాటిపోయాక కంగారుగా లేచొచ్చాడు.

“లేపలేదేటే? ఆఫ్ సగం అయిపోనాది.”

“అవలేదు బావా,” అని కంచం పెట్టాను. “ఇప్పుడే మొదలైంది.”